ఇసకకి తాళం

అబ్బయా మస్తానూ,
ఇసకకి తాళమేస్తే ఎవురికి అడ్డం?

తొలిరోజు నాకు నవ్వొచ్చింది.
మూలాపేట నుంచి స్కూటర్ మీద
మనిషంత సంచి కట్టుకోని వచ్చావు.
గాలిపటం తీశావు, పలక తీశావు,
నడుంపట్టీ, పంపూ, ఏందేందో తాళ్లూ.
అన్నీ పరిచినాక అప్పుడు చూశావు,
మైపాడు రేవులో నీళ్ల దగ్గర
చెట్టంటూ లేదు, గుంజంటూ లేదు.
సైకిలు గొలుసు చేతిలో పట్టుకోని
రాట దొరకని ఆవు గలోడి మాదిరి నిలబడ్డావు.

చివరికి సంచినీ పంపునీ కలిపి గొలుసేసి
తాళంచెవి ఇసకలో పాతి
గుర్తుకి ఒక గవ్వ పెట్టావు.
గవ్వ!
అలొచ్చి పోతే అట్టాంటివి వెయ్యి.
సాయంత్రం నువ్వు కుక్క మాదిరి తవ్వతా ఉంటే
మా పాళెం పిలకాయలంతా చేరి తవ్వారు.
దొరికింది మటుకు
ఎవురిదో కాలిమెట్టె.

రెండోసారి నా కాడికొచ్చావు.
నెత్తళ్లు ఆరబోసి కాకుల్ని తోలుకుంటా ఉండా.
"అమ్మా, కాస్త చూస్తావా?"
చూసేదేగదా నా పని.
కాకిని చూస్తా, కుక్కని చూస్తా, మబ్బుని చూస్తా,
నీ సంచిని చూడలేనా.

నీ సంచి మీద నా నెత్తళ్ల గోతాం కప్పా.
దొంగకి కళ్లకంటే ముందు ముక్కుంటది.
ఆదివారం టౌనోళ్లు సెల్ఫీలు దిగతా వస్తారు,
ముక్కు మూసుకోని పక్కకి తిరిగి పోతారు.
లక్షన్నర సరుకని నువ్వన్నావు.
దానికి ముప్పై రూపాయల గోతాం కాపలా.

ఊరికే చెప్పటంలా.
మాకూ పొయ్యింది, పోయినేటికి ముందేడు,
పడవ ఇంజను.
మా ఆయన దాని పక్కనే పడుకున్నాడు,
దానిమీద చెయ్యేసుకోని,
నామీద ఎప్పుడూ అట్టా ఎయ్యలా.
తెల్లారి చూస్తే చేతికింద
నాలుగు బోల్టులు.
ఎవురు తీశారో తెలుసు.
అప్పు ఇంకా కడతానే ఉండాం.
ఆ ఇంట్లో పెళ్లికి పొయ్యి భోంచేసి కూడా వచ్చాం.
దొంగని పట్టటం కష్టం కాదబ్బయా,
పట్టినాక రోజూ బోరింగు కాడ
ఎదురుపడటం కష్టం.

మొన్న దక్షిణపు గాలి ముదిరినరోజు
నీ గాలిపటం గంగపట్నం దిక్కుకి పొయ్యి
ముందు గోరంత అయ్యింది,
తర్వాత అదీ లేదు.
పొద్దు గూకింది.
నెత్తళ్లు ఎత్తేశా.
కోడలు కూతేసింది, పోలా.
సంచి ఉండాది, పంపు ఉండాది,
చెప్పులుండాయి.
ఒక చెప్పు బోర్లా పడుంటే తిరగేసి పెట్టా.
నాకు సంచి ఒప్పజెప్పావు సరే,
నిన్ను ఎవురికి ఒప్పజెప్పి పోయావు?
సముద్రానికి ముక్కు లేదు,
గోతాం కప్పినా పక్కకి పోదు.

ఎప్పటికో
రేవెమ్మట చీకట్లో నడిచొచ్చావు,
తడిసిన గాలిపటం భుజానేసుకోని,
ఒంటికాలు ఈడ్చుకుంటా.
వచ్చీరాంగానే జిప్పు లాగి
సెల్లు లైటేసి లెక్కబెట్టుకున్నావు.
నాకు ఒళ్లు మండింది.
ఆనక ఊరుకున్నా. బెట్టుకో నాయినా.
నేను నీకంటే ముందే లెక్కబెట్టా,
రెండు చేతులు, రెండు కాళ్లు,
ఒక ఎర్రితల.

ఒకటి తగ్గిందంటావా,
నిజమే.
సంచి మూతికుండిన ఎర్రతాడు, మూరెడు.
నేనే కోశా, గోతాం కట్టుకునేదానికి.
గట్టితాడు, ఉప్పుకి చివకదు.
వచ్చే ఆదివారం నా కూలిలో
ఒక పది తగ్గించుకో.
అంతకంటే ఎక్కువైతే ఒప్పుకోను.